కాకి ముట్టని విరూపసేనుడు

తారకేశ్వరరావు తన జీవితంలో చేసిన ఒకే ఒక్క దొంగతనం ఆసుపత్రి టీవీ రిమోటు. శుక్రవారం పొద్దున్న పదిన్నరకి, సూది తీసిన చోట అంటించిన దూది ఇంకా ఊడకముందే, దాన్ని టిఫిన్ బాక్సు సంచీలో వేసుకుని, నర్సు భార్గవికి అవసరం లేకపోయినా రెండుసార్లు "వెళ్ళొస్తానమ్మా" అని చెప్పి బయటపడ్డాడు. టెక్కలిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఇరవై ఏడేళ్ళు పనిచేసి గుండుసూది కూడా ఇంటికి తెచ్చుకోని మనిషి. అలాంటివాడు రిమోటు ఎందుకు ఎత్తుకొచ్చాడో చెప్పాలంటే ముందు విరూపసేనుడి సంగతి చెప్పాలి.

'పదమూడో ద్వీపం' అని తొమ్మిది భాగాల నవల ఒకటుంది. మంత్రగత్తెలు, మాట్లాడే సొరచేపలు, నీళ్ళ మీద పరుగెత్తే గుర్రాలు, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. తారకేశ్వరరావు కాలేజీ రోజుల్లో కాశీబుగ్గలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకుని మొదలుపెట్టి, ఆ కొట్టు మూసేసే నాటికి తొమ్మిదింటినీ పదకొండుసార్లు చదివాడు. పెళ్ళయిన కొత్తలో భార్య తులసికి మొదటి భాగం వినిపించబోతే ఆవిడ ఇరవయ్యో పేజీలో నిద్రపోయింది. ఆ విషయం ఆవిడ మరిచిపోయింది, ఈయన మరిచిపోలేదు.

అలాంటి నవలని ఈ ఏడు టీవీ వాళ్ళు తీశారు. ఆదివారం సాయంత్రం ఏడింటికి ఒక ఎపిసోడ్ వస్తుంది, సోమవారం పొద్దున్న ఏడింటికి అదే మళ్ళీ వేస్తారు. అందులో విరూపసేనుడు అనే సైనికుడున్నాడు. ముఖాన సగం కాలిన మచ్చ, కుంటికాలు, ముందూ వెనకా ఎవరూ లేరు. రాజ్యం పోగొట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల తుహినని వీపున వేసుకుని ద్వీపం నుంచి ద్వీపానికి దాటిస్తూ ఉంటాడు. పదిహేడు ఎపిసోడ్లలో ఒక్కసారి నవ్వాడు. ఆ నవ్వు ఫొటోని జనం ఫోన్లకి పెట్టుకున్నారు, ఆటోల వెనక అంటించుకున్నారు.

తారకేశ్వరరావు మాత్రం మొదటి రోజు నుంచీ అగ్గి మీద గుగ్గిలమే. విరూపసేనుడి గుర్రం పుస్తకంలో తెలుపు, టీవీలో నలుపు. పుస్తకంలో మచ్చ ఎడం చెంప మీద, టీవీలో కుడి చెంప మీద. ఇవి మామూలు తప్పులా! ఫేస్‌బుక్‌లో 'పదమూడో ద్వీపం అసలు పాఠకులు' అని ఒక గుంపు పెట్టి, వారం వారం టీవీ వాళ్ళని తూర్పారబట్టేవాడు. ఆ గుంపులో ఎవడో పాపం, "సేనుణ్ణి టీవీలోనైనా చంపకుండా ఉంచితే బాగుణ్ణు" అని రాస్తే గంట తిరక్కుండా వాణ్ణి గెంటేశాడు. ఎందుకంటే పుస్తకంలో, ఆరో భాగం చివర, తాళ్ళ వంతెన మీద విరూపసేనుడు చచ్చిపోతాడు. గ్రంథకర్త రాసిన చావుని మార్చడానికి వీళ్ళెవరని ఆయన వాదన.

ఇంతటి పండితుడికి కిడ్నీలు మాత్రం ఆరు నెలల కిందట చేతులెత్తేశాయి. ఉద్దానం చుట్టుపక్కల ఈ జబ్బు గురించి ఎవరూ ఎవరికీ వివరించక్కర్లేదు. పలాసలో సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న ఆరు నుంచి పది దాకా డయాలసిస్. ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు, గోడకి ఒక టీవీ. మొదటి నెల తారకేశ్వరరావు గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక శుక్రవారం భార్గవితో, "వచ్చే వారం నుంచి నేను రానమ్మా, నా మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్" అన్నాడు కూడా. ఎందుకో ఆ సోమవారం వచ్చాడు. ఆవేళే టీవీలో 'పదమూడో ద్వీపం' మొదలైంది. పక్క మంచం మీద నూకమ్మ తెర వైపు చూపించి అడిగింది.

"ఈ కాలిపోయిన మొకంవోడు ఎవుడు బావూ? మంచోడా, సెడ్డోడా?"

తారకేశ్వరరావు గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. మూడు గంటలు సమాధానం చెప్పాడు. మిషన్ ఆగింది గానీ ఆయన ఆగలేదు.

నూకమ్మది అక్కుపల్లి దగ్గర చిన్న ఊరు. అరవై దాటిన మనిషి, మొగుడు పోయాడు, కొద్దిపాటి కొబ్బరి తోట, రెండు జీడిమామిడి చెట్లు. తారకేశ్వరరావు ఆవిణ్ణి అక్కా అన్నట్టుగా 'అప్పా' అనేవాడు. అటుపక్క మంచం పోలారావుది. మందస నుంచి వచ్చే జీడితోట రైతు. బారెడు మీసం, చెంచాడు గుండె. ఈ ముగ్గురూ కలిసి వార్డుకి ఒక కట్టుబాటు పెట్టారు. ఆదివారం ఇంట్లో ఎవరూ చూడకూడదు, సోమవారం అందరూ కలిసి చూడాలి. బుధ, శుక్రవారాలు తారకేశ్వరరావు గారి ప్రవచనం: టీవీ వాళ్ళు ఎక్కడ తప్పారు, అసలు పుస్తకంలో ఏముంది. వార్డంతా వినేది. చేతికి సూది గుచ్చి కట్టేసిన మనుషులు వినక ఎక్కడికి పోతారని ఆయనకి ఏనాడూ తట్టలేదు.

పదిహేనో ఎపిసోడ్ నాడు చిక్కొచ్చింది. ఆవేళ తారకేశ్వరరావు దిగాలుగా ఉన్నాడు. తులసి కిడ్నీ ఇస్తానంటే చేసిన పరీక్షలు సరిపడలేదని అంతకు ముందురోజే కబురొచ్చింది. గుర్రం రంగు మీద కూడా నోరు మెదపలేదు. అప్పుడు నూకమ్మ ఉన్నట్టుండి అంది:

"ఇసుగెత్తిపోనాది బావూ, ఈ బండెక్కడాలు, ఈ సూదులు. ఆ సేనుడున్నన్నాళ్ళూ ఒత్తాను. ఆడు పోతే నానూ మానేత్తాను. ఇంతకీ బతుకుతాడా, సచ్చిపోతాడా? నువ్వు సదివినావు గదా."

అందరూ నవ్వారు. తారకేశ్వరరావుకి నవ్వు రాలేదు. మూల మంచం మీద ఉండే పెద్దమనిషి రెండు నెలల కిందట ఇలాగే నవ్వుతూ మానేస్తానన్నాడు, మానేశాడు. పన్నెండు రోజులు బతికాడు.

"బతుకుతాడప్పా" అన్నాడు తారకేశ్వరరావు. "తొమ్మిదో భాగం ఆఖరి పేజీ దాకా ఉంటాడు. నాదీ పూచీ."

అక్షరం మారిస్తే ఊరుకోనన్నవాడు, తెల్ల గుర్రం కోసం పదిహేను వారాలు పోరాడినవాడు, ఒక్క మాటతో మొత్తం గ్రంథాన్నే తిరగరాసేశాడు.

పద్దెనిమిదో ఎపిసోడ్ పేరు 'తాళ్ళ వంతెన' అని టీవీలో ప్రకటన వచ్చేసరికి ఆయనకి అన్నం సయించలేదు. నూకమ్మ మాట మీద నిలబడే మనిషి. ఒకసారి కోడలితో మాటొచ్చి మూడేళ్ళు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. ఆ మొండిది రాదు. రాకపోతే ఎన్నాళ్ళు? ఆయన మంచం మీద కూర్చుని టీవీ సంస్థకి ఈమెయిలు రాశాడు. ఇదే సంస్థకి ఇంతకు ముందు పదహారు ఈమెయిళ్ళు రాశాడు, అన్నిట్లోనూ ఒకటే మాట, పుస్తకాన్ని మార్చొద్దని. పదిహేడో దాంట్లో, "మహాశయా, దయచేసి మార్చండి" అని రాశాడు. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. మీ అభిమానానికి కృతజ్ఞతలు, మీ సూచన మాకు ఎంతో విలువైనది. అంతకు ముందు పదహారుసార్లూ ఇదే జవాబొచ్చింది.

అందుకని శుక్రవారం రిమోటు ఎత్తుకొచ్చాడు.

ఆదివారం సాయంత్రం ఇంట్లో టీవీ పెట్టనివ్వలేదు. అరుగు మీద కూర్చుని వీధి వింటూ ఉన్నాడు. కాశీబుగ్గలో ఆ వీధి వీధంతా ఒకటే టీవీ మోగుతోంది. కత్తుల చప్పుడు, తుహిన కేక, తర్వాత నిశ్శబ్దం. ఎదురింటి జీడిపప్పు వ్యాపారి గుమ్మంలోకొచ్చి, లుంగీ కొసతో కళ్ళు తుడుచుకుని, ఈయన్ని చూసి దగ్గినట్టు నటించి లోపలికి పోయాడు. ఫోను చూస్తే ఫేస్‌బుక్ గుంపులో నాలుగొందల మంది ఏడుస్తున్నారు. ఒకడు అన్నం మానేశానన్నాడు. ఒకడు టీవీ అమ్మేస్తానన్నాడు. ఇంకొకడు, "అడ్మిన్ గారూ, మీరు కోరినట్టే పుస్తకంలో ఉన్నట్టే చంపేశారు, సంతోషమేనా?" అని అడిగాడు. తారకేశ్వరరావు ఫోను బోర్లా పెట్టేశాడు.

"రాక్షసుడెవరో చచ్చిపోయాడట, అందరూ ఏడుస్తున్నారు" అంది తులసి వంటింట్లోంచి.

"రాక్షసుడు కాదే!" అన్నాడు కోపంగా.

సోమవారం వార్డులో ఏడింటికి రిమోటు కోసం వెతుకులాట మొదలైంది. పరుపుల కింద చూశారు, డస్ట్‌బిన్‌లో చూశారు. తారకేశ్వరరావు అందరికంటే ఎక్కువ హైరానా పడి, సూది ఉన్న చేత్తోనే దిండు ఎత్తి చూశాడు. "పోనీలెండి, ఈ ఒక్క వారానికీ నేను కథ చెప్పేస్తాను" అని ఉదారంగా ప్రకటించాడు. భార్గవి స్టూలు లాక్కుని ఎక్కి, టీవీ పక్కన ఏదో నొక్కింది. టీవీ వెలిగింది. టీవీకి పక్కన కూడా ఒక మీట ఉంటుందని యాభై రెండేళ్ళ జీవితంలో తారకేశ్వరరావుకి ఎవరూ చెప్పలేదు.

ఎపిసోడ్ బాగా తీశారు. ఆ మాట ఒప్పుకోవడానికి ఆయనకి ప్రాణం మీదికొచ్చింది. విరూపసేనుడు తుహినని వంతెన దాటమని ముందుకి తోసి, తాను వెనక్కి తిరిగి, కుంటికాలు లాక్కుంటూ తాళ్ళ దగ్గరికి నడిచాడు. శత్రువులు మీదికొస్తుంటే తన కాళ్ళ కింది తాళ్ళు తనే కోసేశాడు. నల్ల గుర్రం గట్టు మీద నిలబడి సకిలించింది. అంతే.

వార్డులో ఎనిమిది మిషన్లలో ఐదు ఒకేసారి కూత పెట్టాయి. భార్గవి హడలిపోయి పరుగెత్తింది. తీరా చూస్తే కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఐదుగురూ సూదులున్న చేతులు మడిచేశారు. "చెయ్యి చాపండి సార్! చాపి ఏడవండి!" అని అరుస్తూ ఆవిడా ముక్కు చీదింది. పోలారావు మీసం తడిసిపోయింది. చిన్నపిల్లాడిలా వెక్కుతూ, "ఆ గుంట ఇప్పుడొక్కర్తీ ఎలగెల్తాది బావా, ఎలగెల్తాది?" అంటున్నాడు.

తారకేశ్వరరావు తెర చూడటం లేదు. నూకమ్మని చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి మడవలేదు. కన్నీళ్ళు చెంపల మీంచి చెవుల్లోకి కారుతుంటే అలాగే పైకి చూస్తూ పడుకుంది. పదింటికి సూదులు తీశాక లేచి, నెత్తిన కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది. రోజూ గుమ్మం దగ్గర ఆగి, "మరొత్తాను బావూ" అనేది. ఆవేళ అనలేదు.

బుధవారం ఆవిడ మంచం మీద ఉతికిన దుప్పటి మడత నలగకుండా ఉంది.

ఆరున్నర అయింది, ఏడయింది. భార్గవి నూకమ్మ ఫోనుకి మూడుసార్లు చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. తారకేశ్వరరావు ఎడం చేత్తో సంచీలోంచి రిమోటు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరా సార్!" అంది భార్గవి.

మొత్తం చెప్పేశాడు. పుస్తకంలో చావు, తన అబద్ధం, పూచీ, ఈమెయిలు, దొంగతనం. చెబుతుంటే ఏ ముక్కా గొప్పగా లేదు. నూకమ్మ ప్రాణం కాపాడటానికి తను పన్నిన పన్నాగం మొత్తం కలిపి ఒక అబద్ధమూ ఒక రిమోటూ అని తేలింది. పోలారావు దిండు మీంచి తలెత్తి, "అంటే ఆడు పోతాడని నీకు ముందే తెల్సేటి? నాకైనా సెప్పకపోనావు బావా. ఒక తువ్వాలైనా తెచ్చుకుందును" అన్నాడు.

పదింటికి సూదులు తీశారు. మామూలుగా అయితే ఇంటికెళ్ళి మధ్యాహ్నం దాకా పడుకోవాలి. ఇద్దరూ ఆటో మాట్లాడుకున్నారు. భార్గవి గుమ్మం దాకా వచ్చి చెప్పింది: "మూడింటి షిఫ్టులో ఒక మంచం ఖాళీ ఉంది సార్. ఎలాగైనా తీసుకురండి. శుక్రవారం దాకా అంటే ప్రమాదం."

ఆటో పలాస దాటి ఉద్దానంలోకి దిగింది. రెండు వైపులా జీడితోటలు, వాటి వెనక కొబ్బరి. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూస్తూ, "సేనుడి ఎపిసోడ్ సూసినారా సార్? నాను రెండుసార్లు సూసినాను. ఆ నల్ల గుర్రం సూడండి, ఎంత బాగా పెట్టినారో!" అన్నాడు. పోలారావు భయంగా తారకేశ్వరరావు వైపు చూశాడు. తారకేశ్వరరావు బయటికి చూస్తూ, "బాగుంది" అన్నాడు. పద్దెనిమిది వారాల్లో ఆ గుర్రం గురించి ఆయన అన్న మొదటి మంచిమాట అది.

ఊరి మొదట్లో కుళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న ఒకావిణ్ణి నూకమ్మ ఇల్లెక్కడని అడిగారు.

"మూడోరోజుకొచ్చినారా? ఆలీసెమైపోనాది బావూ, బోజనాలయిపోనాయి" అంది ఆవిడ. "అదిగో, ఆ కొబ్బరి తోట ఎనకాల."

తారకేశ్వరరావు ఆటో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మూడోరోజు అంటే చిన్నదినం. సోమవారం ఇంటికి చేరిందన్నమాట, చేరి పోయిందన్నమాట. మూడేళ్ళు కోడలి గుమ్మం తొక్కని మనిషి, అన్నమాట నిలబెట్టుకుంది. తను పుస్తకం గొప్పలు చెప్పకుండా నోరు మూసుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంటే ఈవిడకి సేనుడెవరో కూడా తెలిసేది కాదు. బతికి ఉండేది.

తోట వెనక పెంకుటింటి ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళని చూడగానే ఆయనకి దుఃఖం ఆగలేదు. వాకిట్లోనే కూలబడి, "అప్పా, నేనే చంపేశానప్పా!" అని గొల్లుమన్నాడు. ఆయన వెనకే పోలారావు కూడా అందుకున్నాడు.

"ఎవుల్ని సంపీసినావు బావూ?" అని వెనక నుంచి వినిపించింది.

చేత్తో చీపురుపుల్ల పట్టుకుని, కుక్కని అదిలిస్తూ, నూకమ్మ కొబ్బరి చెట్టు కింద నిలబడి ఉంది. చెట్టు మొదట్లో అరిటాకు, ఆకు మీద అన్నం, పప్పు, కూర, అప్పం. ఆవిడ చరచరా వచ్చి, ఆయన భుజం పట్టుకుని లేపి, చెవిలో చెప్పింది:

"గట్టిగా అనకు. ఈళ్ళకి మా దూరపు సుట్టం పోనాడని సెప్పినాను. ఇచ్ఛాపురం ఏపు, మిలట్రీలో పన్జేసీవోడని."

ఆ పోయిన చుట్టం విరూపసేనుడేనని తారకేశ్వరరావుకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చాప మీంచి ఒక ముసలావిడ ఈయన ఏడుపు చూసి జాలిపడి, "నువ్వేటవుతావు బావూ, పోయినోడికి?" అని అడిగింది. మొదటి భాగం చేతికొచ్చిన కాలేజీ రోజుల నుంచి లెక్కేస్తే ముప్పై రెండేళ్ళ బంధుత్వం.

"బాగా దగ్గిరోడు" అన్నాడు పోలారావు, ముక్కు తుడుచుకుంటూ.

నూకమ్మ వాళ్ళని చెట్టు కిందికి తీసుకెళ్ళింది. నాలుగడుగులు వేసేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది. పాదాలు రెండూ ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

"ఆడికి ఎనకా ముందూ ఎవులూ నేరు గదా" అంది. "పెట్టీవోళ్ళు నేకపోతే ఆడికి దారేది? అందుకని పెట్టినాను. పొద్దున్నుంచి కాకి ముట్టనేదు బావూ. మైలలో ఉండి, కాకి ముట్టకుండా పొలిమేర దాటకూడదు. నాను ఆసుపత్రికెలగొత్తాను?"

"అదా రాకపోవడం!" అన్నాడు తారకేశ్వరరావు. భయం పోయి కోపం వచ్చింది. "టీవీలో చచ్చిపోయినవాడికి మైలేంటప్పా! ఒళ్ళు నీరుపట్టి ఊపిరాడక నువ్వు పోతే నీకు ఎవరు పెడతారు?" అని అరవబోయి, చాప మీద ఆడవాళ్ళు వింటున్నారని గొంతు తగ్గించాడు. "నేను అబద్ధం చెప్పాను. వాడు పోతాడని నాకు తెలుసు. వాడు పోతే నువ్వు రానన్నావు కదా, అందుకని చెప్పాను. తప్పు నాదే."

నూకమ్మ ఆయన ముఖంలోకి చూసి నవ్వింది.

"నాను మానేత్తాననీసి నిజంగా అనుకున్నావేటి? అది నీకోసం అన్నమాట బావూ."

"నాకోసమేంటి?"

"నువ్వు కొత్తలో గోడేపు తిరిగి తొంగునీవోడివి. ఒచ్చే వారం నుంచి రాననీసి భార్గవమ్మతో అన్నావు. పక్క మంచం మీద నానున్నాను గదా, వినపడదేటి? ఈ మనిసికి మాటాడ్డానికేదో ఒకటి గావాల అనుకున్నాను. అప్పుడు టీవీలో ఆడు కనపడినాడు. ఎవుడని అడిగినాను." ఆవిడ ఊపిరి తీసుకోడానికి ఆగింది. "మొన్నామజ్జిన మీ ఆడమనిసి కిడ్నీ నప్పలేదని మళ్ళీ మొకం వేలాడేసినావు. నానూ మానేత్తానన్నాను. నన్ను రప్పించడానికైనా నువ్వొత్తావు గదా."

తారకేశ్వరరావుకి బుధవారాల ప్రవచనాలు, శుక్రవారాల వ్యాఖ్యానాలు, నూకమ్మ తెరలు తెరలుగా అడిగిన ప్రశ్నలు, తన ఓపికైన జవాబులు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆవిడకి మందు పోస్తున్నానని నాలుగు నెలలుగా అనుకున్నాడు. మందు తాగింది తను.

"అయితే కథ..."

"కత నాకు తెల్సు. ప్రెతి ఆదివారం ఇంట్లో సూసీదాన్ని."

"నానూ అంతే బావా. ఈ ఆదివారమే కరెంటు పోయి సూడనేదు" అన్నాడు పోలారావు నేల చూస్తూ.

"ఈ ఆదివారం నాను కావాలనే సూడనేదు" అంది నూకమ్మ. "బతుకుతాడు, నాదీ పూచీ అనీసి నువ్వు అంత గట్టిగా అన్నప్పుడే తెల్సిపోనాది, ఆడు సచ్చిపోతాడని. ఒక్కర్తినీ సూడలేక ఆగినాను." ఆకు వైపు తిరిగింది. ఈసారి నవ్వు లేదు. "మొదట నీకోసమే అడిగినాను. ఆనక నాకే ఆడంటే పేణమైపోనాది. ఏటి సెయ్యాల?"

ముగ్గురూ ఆకు ముందు నిలబడ్డారు. కొబ్బరి మట్టల మీద కాకులు కూర్చుని కిందికి చూస్తున్నాయి, దిగడం లేదు.

"పోయినోడికి ఏదో కోరిక ఉండిపోయుంటాది. అది తీరుత్తామని సెప్తే గానీ ముట్టవు" అంది నూకమ్మ. "ఆడికేం కోరికుందో టీవీలో సూపించనేదు."

ఇన్నాళ్ళకి తారకేశ్వరరావు చదివిన పుస్తకానికి ఒక పని పడింది. ఆరో భాగం ఆఖరి పేజీ ఆయనకి నోటికొచ్చు. టీవీ వాళ్ళు ఆ మాట ఎగరగొట్టేశారు. తాళ్ళు కోసేముందు విరూపసేనుడు అవతలి ఒడ్డుకేసి చూసి, 'పిల్లని ఒంటరిగా పోనివ్వకండి' అంటాడు. అక్కడ వినేవాళ్ళు ఎవరూ ఉండరు. పదకొండుసార్లు చదివినప్పుడు పదకొండుసార్లూ ఆయన ఆ పేజీ దగ్గర ఆగిపోయేవాడు.

ఆయన చేతులు జోడించాడు. యాభై రెండేళ్ళ మనిషి, పట్టపగలు, చాప మీద అమ్మలక్కలు చూస్తుండగా, పుట్టని మనిషి ఆత్మకి మాటివ్వడానికి గొంతు సవరించుకున్నాడు.

"సేనా, తుహినని ఒంటరిగా పోనివ్వం. తొమ్మిదో భాగం అయ్యేదాకా వెంట ఉంటాం. ఇంకా మూడు భాగాలున్నాయి. సోమ, బుధ, శుక్ర, ఒక్కటి కూడా తప్పను." ఇంతవరకూ బాగానే వచ్చింది, తర్వాతిదే కొంచెం కష్టంగా వచ్చింది. "గుర్రం సంగతి కూడా ఇంక ఎత్తను."

"నానూ తప్పను" అంది నూకమ్మ.

"నానూ" అన్నాడు పోలారావు.

కాకులు కదల్లేదు. పోలారావు కాసేపు చూసి, విసుక్కున్నాడు. "సైనికుడికి పప్పన్నం పెట్టినావేటే అప్పా? ఆడు సముద్రం మీద బతికినోడు. ఇంట్లో ఎండుసేప నేదా?" నూకమ్మ లోపలికెళ్ళి రెండు ముక్కలు తెచ్చి ఆకు మీద పెట్టింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోకముందే మూడు కాకులు దిగాయి.

"ముట్టినాది!" అంది నూకమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుంది. తారకేశ్వరరావు కూడా తుడుచుకున్నాడు. తన కన్నీళ్ళ ప్రతిజ్ఞ కంటే ఎండుచేప ముక్కకి ఎక్కువ విలువుందని అర్థమైనా ఏమీ అనుకోలేదు. కిడ్నీ జబ్బు వల్ల తమలో ఎవరికీ తాగే రాత లేని కొబ్బరిబొండాలు రెండు నూకమ్మ తోటలోంచి తెచ్చి ఆటో డ్రైవరుకి ఇచ్చి, ఒంటిగంటకల్లా బయల్దేరారు.

నూకమ్మని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఆవిడ ఊపిరి బరువుగా తీస్తోంది. తారకేశ్వరరావు భార్గవికి ఫోన్ చేసి తెస్తున్నామని చెప్పాడు. నాలుగు నెలలు అందరూ తనకి మందుగా విన్న కథని ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? కిటికీ లేని ఆటోలోంచి జీడిచెట్లని లెక్కపెడుతూ కూర్చున్నాడు. తన ముఖం మళ్ళీ వేలాడిందని ఆయనకి తెలియదు.

"బావూ" అంది నూకమ్మ. "ఆ గుర్రం పుస్తకంలో ఏ రంగన్నావు?"

ఆ మాట ఆయన వార్డులో కనీసం యాభైసార్లు చెప్పి ఉంటాడు. నూకమ్మ మోచేత్తో పోలారావుని పొడవడం, పోలారావు నవ్వు ఆపుకోలేక తల బయటికి పెట్టడం, రెండూ తారకేశ్వరరావు చూశాడు. గుర్రం సంగతి ఎత్తనని గంట కిందట కాకుల సాక్షిగా ఇచ్చిన మాట కూడా గుర్తుంది.

"తెలుపప్పా" అన్నాడు ఆవిడ వైపు తిరిగి. "తెలుపంటే మామూలు తెలుపు కాదు, అసలు దాని కథ రెండో భాగంలో ఉంది..."

పలాస వచ్చేదాకా ఆపలేదు.